పీకింగ్, బీజింగ్: ఒకే పేరుకు రెండు రాతలు

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: ఇల్లు మారుతున్నప్పుడు మా నాన్నగారు దాచుకున్న పాత పత్రికల కట్ట ఒకటి అటక మీద దొరికింది. ఆయన చైనా నుంచి తెప్పించుకుని చదివిన ఇంగ్లీషు వారపత్రిక సంచికలు అందులో ఉన్నాయి. 1978 డిసెంబరు సంచికల అట్ట మీద ‘పీకింగ్ రివ్యూ’ అనీ, 1979 జనవరి సంచికల అట్ట మీద ‘బీజింగ్ రివ్యూ’ అనీ ఉంది. మా మనవరాలు చదువుతున్న పోటీ పరీక్షల పుస్తకంలో ‘పాత పేరు – కొత్త పేరు’ పట్టికలో లెనిన్‌గ్రాడ్ – సెయింట్ పీటర్స్‌బర్గ్ తర్వాతి వరుసలోనే పీకింగ్ – బీజింగ్ అని వేశారు. చైనా ప్రభుత్వం 1979లో తన రాజధాని పేరు మార్చిందా? అంతకు ముందు వాడిన ‘పీకింగ్’ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

సమాధానం: మీ నాన్నగారు దాచిన ఆ రెండు నెలల సంచికలను జాగ్రత్త చేయండి, ఎందుకంటే ఈ ప్రశ్నకు అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. 1979లో చైనా రాజధాని పేరు మారలేదు. ఆ పేరును ఇంగ్లీషు అక్షరాలతో రాసే పద్ధతి ఒక్కటే మారింది. ఆ నగరవాసులు 1978 డిసెంబరులో తమ ఊరిని ఏ మాటతో పిలిచేవారో 1979 జనవరిలోనూ అదే మాటతో పిలిచారు, చైనా పత్రికలు అంతకు ముందు వాడిన రెండు అక్షరాలనే ఆ తర్వాతా అచ్చువేశాయి. మీ మనవరాలి పుస్తకంలోని పట్టిక ఈ తేడాను గమనించలేదు. లెనిన్‌గ్రాడ్‌కు 1991లో సెయింట్ పీటర్స్‌బర్గ్ అన్న పేరు తిరిగి వచ్చినప్పుడు ఆ ఊళ్లో ఉన్నవాళ్లు నిజంగానే వేరే మాట పలకడం మొదలుపెట్టారు. పీకింగ్ విషయంలో అలాంటిదేమీ జరగలేదు కనుక ఆ రెండింటినీ ఒకే పట్టికలో పెట్టడం సరికాదు.

దీనికి మనకు తెలిసిన దగ్గరి పోలిక కడప. బ్రిటిషువారి కాలం నుంచి వచ్చిన ఇంగ్లీషు రాతలో ఆ ఊరి పేరుకు మధ్యలో రెండు ‘డి’లు, చివర ఒక ‘హెచ్’ ఉండేవి, తెలియనివాళ్లు దాన్ని ‘కుడ్డపా’ అని చదివేవారు. 2005లో ప్రభుత్వం ఆ ఇంగ్లీషు వర్ణక్రమాన్ని సవరించింది. తెలుగులో ఆ ఊరు అంతకు ముందూ కడపే, తర్వాతా కడపే. ఆ ఊరి పేరు 2005లో మారిందని కడపవాళ్లెవరూ అనరు. బీజింగ్‌వాళ్లు కూడా తమ ఊరి పేరు 1979లో మారిందని అనరు.

ఇక ఆ పేరు సంగతి. అందులో రెండు చైనా అక్షరాలు ఉన్నాయి. మొదటిది ఉత్తర దిక్కును, రెండోది రాజధానిని చెబుతుంది, అంటే ‘ఉత్తర రాజధాని’ అని అర్థం. మొదటి అక్షరాన్ని దగ్గరగా చూస్తే ఇద్దరు మనుషులు ఒకరికొకరు వీపు పెట్టి నిలబడినట్టు కనిపిస్తుంది, దాని ప్రాచీన రూపం నిజంగా ఆ బొమ్మే. వీపును చెప్పిన ఆ గుర్తు, దక్షిణానికి ముఖం పెట్టి కూర్చునేవారి వెనుక దిక్కు కనుక, ఉత్తరానికి స్థిరపడింది. రెండో అక్షరం ఎత్తైన చోట కట్టిన భవనం బొమ్మ నుంచి వచ్చింది. ఇదే రెండో అక్షరం ‘దక్షిణ రాజధాని’ అయిన నాన్‌జింగ్ పేరులోనూ ఉంది. జపాను రాజధాని టోక్యో పేరులోనూ ఉంది, అక్కడ ‘తూర్పు రాజధాని’ అని అర్థం. వియత్నాంలో హనోయ్‌కి ఒకప్పుడు ఇవే ‘తూర్పు రాజధాని’ అక్షరాలతో పేరుండేది, ఆ పేరునే ఐరోపావారు ‘టాంకిన్’గా మార్చుకుని మొత్తం ఉత్తర వియత్నాంకు వాడారు. టోక్యోలోని ‘క్యో’, టాంకిన్‌లోని ‘కిన్’, పీకింగ్‌లోని ‘కింగ్’, బీజింగ్‌లోని ‘జింగ్’ ఒకే అక్షరానికి వేర్వేరు పలుకుబడులు. ఇంగ్లీషులో రాజును సూచించే మాటతో ఈ ‘కింగ్’కు ఎలాంటి సంబంధమూ లేదు. ఆ పొరపాటు మన పాఠకుల ఉత్తరాల్లో అప్పుడప్పుడు కనిపిస్తుంది కనుక చెబుతున్నాను.

పేరు నిజంగా మారిన సందర్భాలు వేరే ఉన్నాయి, వాటిని పట్టికలో వేస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. మంగోలులు పాలించిన కాలంలో ఆ నగరం ‘దాదు’, అంటే మహానగరం. తురుష్క, మంగోలు భాషల వాడుకలో అది ‘ఖాన్‌బాలిక్’, ఖాను నగరం. 1368లో మంగోలులను వెళ్లగొట్టి మింగ్ వంశాన్ని స్థాపించిన చక్రవర్తి నాన్‌జింగ్‌లో కొలువుదీరి, ఉత్తరాన ఉన్న ఈ నగరానికి ‘బెయ్‌పింగ్’, అంటే ఉత్తర శాంతి, అని పేరు పెట్టించాడు. ఆయన కొడుకుల్లో ఒకడు ఈ బెయ్‌పింగ్ నుంచే సేనలతో కదిలి, అన్న కొడుకును గద్దె దించి, 1402లో యోంగ్‌ల చక్రవర్తి అయ్యాడు. తన బలమంతా ఉన్న ఊరికి 1403లో ‘ఉత్తర రాజధాని’ అని పేరు పెట్టాడు, 1421లో రాజధానిని అక్కడికే తరలించాడు. మనం మాట్లాడుకుంటున్న పేరు పుట్టింది 1403లో. ఆ తర్వాత 1928లో జాతీయవాద ప్రభుత్వం నాన్‌జింగ్‌ను రాజధాని చేసుకున్నప్పుడు, దేశానికి రెండు రాజధానులు ఉండవు కనుక, ఉత్తరాది నగరానికి పాత ‘బెయ్‌పింగ్’ పేరునే తిరిగి ఇచ్చింది. 1930ల నాటి ఇంగ్లీషు పత్రికల్లో ‘పైపింగ్’ అని చదవడానికి వీలున్న వర్ణక్రమంతో కనిపించే ఊరు ఇదే. 1949 సెప్టెంబరు 27న, కమ్యూనిస్టులు కొత్త గణతంత్రాన్ని ప్రకటించడానికి నాలుగు రోజుల ముందు, ఆ నగరం మళ్లీ ‘ఉత్తర రాజధాని’ అయింది. అప్పటి నుంచి నేటి వరకు పేరు మారలేదు.

మరి ‘జింగ్’ ఉండవలసిన చోట ‘కింగ్’ ఎలా వచ్చింది? వినేవాళ్లు తప్పుగా విన్నారని, ఐరోపావారి నోరు తిరగలేదని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో ఇది వారిపట్ల అన్యాయమైన మాట. వారు సరిగానే విన్నారు. ఆ అక్షరాన్ని చైనాలో ఒకప్పుడు ‘క’ ధ్వనితోనే పలికేవారు, తర్వాత ఉత్తరాదిలో ఆ పలుకుబడి మారింది. ‘ఇ’ వంటి తాలవ్య అచ్చుకు ముందున్న ‘క’, నాలుక అంగిలి వైపు జరగడం వల్ల క్రమంగా ‘చ’ అవుతుంది. ఇది తెలుగువాళ్లకు కొత్త సంగతి కాదు, మన భాషలోనే ఇదే మార్పు ఎన్నో శతాబ్దాల క్రితం జరిగింది. కన్నడంలో ‘కివి’ అన్నది మనకు ‘చెవి’, వాళ్లకు ‘కెరె’ అయినది మనకు ‘చెరువు’, వాళ్లు ‘కెడు’ అంటే మనం ‘చెడు’ అంటాం. కన్నడిగులు పాత ‘క’ను నిలుపుకున్నారు, మనం ‘చ’ చేసుకున్నాం. ఇందులో ఎవరూ తప్పు పలకడం లేదు. పీకింగ్, బీజింగ్‌ల మధ్య ఉన్నది సరిగ్గా కెరెకూ చెరువుకూ మధ్య ఉన్న సంబంధమే.

పాత ‘క’ ఇప్పటికీ చైనా లోపలా, చుట్టుపక్కలా బతికే ఉంది. హాంకాంగ్‌లో, గ్వాంగ్‌జౌలో మాట్లాడే కాంటనీస్‌లో ఈ నగరం పేరు ‘పాక్‌కింగ్’కు దగ్గరగా వినిపిస్తుంది. వియత్నామీయులు ‘బాక్ కిన్’ అంటారు. జపానీయులు ‘పెకిన్’ అంటారు. చైనా నుంచి వెయ్యేళ్లకు పైగా మాటలు అరువు తెచ్చుకున్న ఈ భాషలన్నీ ఒకే చోట ‘క’ను చూపుతున్నాయంటే, అది ఐరోపా నావికుల చెవి పొరపాటు కాదని రుజువైనట్టే.

ఐరోపావారు ఈ పేరును 16, 17వ శతాబ్దాల్లో నేర్చుకున్నారు. మొదట దక్షిణ చైనా తీరానికి చేరినది పోర్చుగీసువారు, వారి భాషలో ఆ నగరం నేటికీ ‘పెకిం’. వారి వెనుకే వచ్చిన జెసూట్ అనే క్రైస్తవ సంఘపు మత ప్రచారకులు నేర్చుకున్న చైనా భాష రాజోద్యోగులు దేశమంతటా వాడే ఉమ్మడి భాష. దానికి ఆధారం నాన్‌జింగ్ ప్రాంతపు పలుకుబడి, అందులో ‘క’ చెక్కుచెదరలేదు. మార్తీనో మార్తీని అనే ఇటలీ జెసూట్ తయారుచేసిన చైనా పటాల పుస్తకం 1655లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది, అందులో ‘పీకింగ్’ అన్న వర్ణక్రమం కనిపిస్తుంది. ఆ పుస్తకానికి ఐరోపా అంతటా వచ్చిన ఆదరణతో ఆ రాత కూడా వ్యాపించింది. ఈలోగా ఉత్తర చైనాలో ‘క’ నుంచి ‘చ’కు మార్పు ఎంత దూరం పోయిందంటే, ఏ మాట ఒకప్పుడు ఏ హల్లుతో ఉండేదో జనం మరిచిపోకుండా చెప్పే గ్రంథం ఒకటి 1743లో చైనాలోనే వెలువడింది. ఊరివాళ్ల నోట పేరు మారుతూ ఉంటే, ఐరోపా పటాల మీద మాత్రం మార్తీని కాలం నాటి రూపం అలాగే నిలబడిపోయింది.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పకుండా ఉండలేను. పీకింగ్ పేరు ఐరోపాకు చేరే నాటికి ఆ నగరం గురించి వాళ్లకు ఇంకో పేరుతో అప్పటికే తెలుసు. 13వ శతాబ్దంలో మార్కో పోలో ‘కాథే’ దేశపు రాజధాని అని వర్ణించిన ‘కాంబలుక్’ మంగోలుల ఖాన్‌బాలికే. కానీ భూమార్గంలో విన్న కాథే, సముద్రమార్గంలో చూసిన చైనా ఒకటేనని చాలాకాలం ఎవరికీ తోచలేదు. 1601లో పీకింగ్ చేరిన ఇటలీ జెసూట్ మత్తేయో రిచ్చీ ఆ రెండూ ఒకటేనని గ్రహించి ఉత్తరాలు రాశాడు, అయినా నమ్మనివాళ్లు ఉన్నారు. దాన్ని తేల్చడానికి 1602లో ఆగ్రా నుంచి బెంతో ద గోయిష్ అనే జెసూట్ వర్తకుడి వేషంలో బయలుదేరాడు. కాబూలు, యార్కండ్‌ల మీదుగా మధ్య ఆసియాను దాటి చైనా సరిహద్దు చేరాడు, పీకింగ్ చూడకుండానే 1607లో అక్కడే కన్నుమూశాడు. ఆయన ప్రయాణంతో కాథే అంటే చైనాయేనని రుజువైంది. అయినా ఇంగ్లీషు కవి మిల్టన్ 1667 నాటి తన మహాకావ్యంలో కాంబలునూ పీకింగ్‌నూ రెండు వేర్వేరు రాజుల రెండు వేర్వేరు నగరాలుగానే లెక్కపెట్టాడు. ఒకే ఊరికి రెండు పేర్లు ఉంటే అవి రెండు ఊళ్లనుకోవడం ఎంత సులువో దీన్నిబట్టి తెలుస్తుంది.

19వ శతాబ్దంలో బ్రిటిషు దౌత్యవేత్త థామస్ వేడ్, ఆయన తర్వాత హెర్బర్ట్ జైల్స్, ఉత్తరాది ఉచ్చారణ ఆధారంగా చైనా భాషను ఇంగ్లీషు లిపిలో రాసే పద్ధతిని రూపొందించారు. దాని ప్రకారం మన నగరం పేరు ‘పెయ్‌చింగ్’ కావాలి. పండితులు తమ పుస్తకాల్లో అలా రాశారు కూడా. కానీ ఉత్తరాల మీద చిరునామా రాసేవాళ్లకు, టెలిగ్రాములు పంపేవాళ్లకు పండితుల పద్ధతితో పని లేదు. 1906లో షాంఘైలో జరిగిన తపాలా సమావేశం చైనా ఊళ్లకు అధికారిక వర్ణక్రమాలు నిర్ణయించినప్పుడు అప్పటికే వాడుకలో స్థిరపడిన రూపాలను కదపకుండా పీకింగ్, నాన్‌కింగ్, తియెన్‌త్సిన్ అనే ఉంచింది. ఆ తర్వాత 70 ఏళ్లపాటు ప్రపంచ పటాల మీద ఉన్నవి ఈ తపాలా రూపాలే. మన బడి అట్లాసుల్లో మీరు చిన్నప్పుడు చదివినదీ అదే.

చివరి మార్పు చైనా సొంతంగా చేసుకున్నది. అక్షరాస్యత పెంచడానికి, దేశమంతా ఒకే ఉచ్చారణ నేర్పడానికి, ఇంగ్లీషు అక్షరాలతో ‘పిన్‌యిన్’ అనే లిప్యంతరీకరణ పద్ధతిని చైనా తయారుచేసుకుంది. దాన్ని రూపొందించిన సంఘంలో ముఖ్యుడైన జౌ యోగ్వాంగ్ నిజానికి ఆర్థికశాస్త్ర ఉపాధ్యాయుడు, 1906లో పుట్టి 2017 దాకా, 111 ఏళ్లు, జీవించాడు. 1958 ఫిబ్రవరి 11న చైనా పార్లమెంటు ఈ పద్ధతిని ఆమోదించింది. మొదటి ఇరవై ఏళ్లు అది ముఖ్యంగా బడి పిల్లల కోసమే. 1977లో ఏథెన్స్‌లో జరిగిన ఐక్యరాజ్య సమితి స్థలనామాల సమావేశం చైనా పేర్లకు పిన్‌యిన్‌ను అంగీకరించింది, 1979 జనవరి 1 నుంచి చైనా తన విదేశీ భాషల ప్రచురణలన్నింటిలో దాన్నే వాడడం మొదలుపెట్టింది. మీ నాన్నగారి పత్రికల అట్ట మారింది ఆ వారంలోనే. ఆ సంచికలను తెరిచి చూడండి: డిసెంబరులో ‘మావో త్సె తుంగ్’ అని చదివించే వర్ణక్రమం జనవరి నుంచి ‘మావో జెదోంగ్’ అయి ఉంటుంది. మావో అప్పటికి చనిపోయి రెండేళ్లు దాటింది, ఆయన పేరు మార్చడం ఎవరి తరమూ కాదు. ఊరి పేరుకు జరిగిందీ అంతే.

బయటి పత్రికలు ఒక్క రోజులో మారలేదు. 1980ల పొడవునా ఇంగ్లీషులో రెండు రూపాలూ పక్కపక్కనే నడిచాయి. చైనా ఆకాశవాణి కూడా తన ఇంగ్లీషు పేరును ‘రేడియో పీకింగ్’ నుంచి ‘రేడియో బీజింగ్’గా మార్చుకున్నది 1983లోనే. 2008 ఒలింపిక్స్ నాటికి ఇంగ్లీషు వార్తల్లో పీకింగ్ దాదాపు వినిపించలేదు. మరో మాట: ఈ మార్పు ఇంగ్లీషుకే ఎక్కువగా పరిమితం. ఫ్రెంచివారు ఇప్పటికీ ‘పెకాఁ’ అనే అంటారు, జర్మన్లు ‘పేకింగ్’ అని, ఇటలీవారు ‘పెకీనో’ అని, రష్యన్లు ‘పికీన్’ అని నిశ్చింతగా రాస్తున్నారు. కాబట్టి పీకింగ్ అనడం చైనావారిని కించపరచడమన్న వాదనలో పస లేదు. అది పాతబడిన రాత, తిట్టు కాదు.

ప్రశ్న: మా అబ్బాయి వైద్యవిద్య కోసం చైనా వెళ్లాడు. విమానాశ్రయంలో వాడి సూట్‌కేసుకు కట్టిన చీటీ మీద పెద్దగా ‘పి, ఈ, కె’ అన్న మూడు అక్షరాలు ఉన్నాయి. అక్కడి పెద్ద విశ్వవిద్యాలయాన్ని ఇంగ్లీషులో ‘పీకింగ్ యూనివర్సిటీ’ అనే అంటారట. ఊరి పేరు రాసే పద్ధతి మారితే ఇవి ఎందుకు మారలేదు?
– ఒక తల్లి, కాకినాడ

సమాధానం: అమ్మా, మీ ఊరి స్టేషనులోనే దీనికి జవాబు ఉంది. కాకినాడ టౌన్ రైల్వే కోడ్ ‘సి, సి, టి’. అందులో కాకినాడలోని ‘కె’ ఎక్కడా లేదు. ఇంగ్లీషువారు మీ ఊరిని ‘కొకనాడా’ అని ‘సి’తో రాసిన రోజుల్లో పుట్టిన కోడ్ అది. విజయవాడ జంక్షన్‌కు ఇప్పటికీ ‘బి, జెడ్, ఎ’, అంటే బెజవాడ. ఊరి పేరు మార్చాలంటే ఒక ఉత్తర్వు చాలు గానీ కోడ్ మార్చాలంటే టికెట్లు, సరుకు రసీదులు, కంప్యూటర్లలోని పట్టికలు అన్నీ మార్చాలి. విమానాల విషయంలో ఈ చిక్కు ప్రపంచమంతటికీ సంబంధించినది. ‘పి, ఈ, కె’ పీకింగ్ రోజుల్లో కేటాయించినది, అందుకే అలా ఉండిపోయింది. 2019లో ఆ నగరానికి దక్షిణాన దాషింగ్ దగ్గర కొత్త విమానాశ్రయం తెరిచినప్పుడు దాని కోడ్ కూడా ‘పి, కె, ఎక్స్’ అయింది. అబ్బాయి తిరిగి వచ్చేటప్పుడు టికెట్టు మీద ఏది ఉందో చూసుకోమనండి, రెండు విమానాశ్రయాలూ ఒకదానికొకటి చాలా దూరం.

విశ్వవిద్యాలయం సంగతి వేరు. అది 1898లో స్థాపించిన సంస్థ, ఇంగ్లీషులో తన పేరు ఎలా రాసుకోవాలో అదే నిర్ణయించుకుంది. చైనా భాషలో దాని పేరు ‘బీజింగ్ విశ్వవిద్యాలయం’ అనే, విద్యార్థులు ముద్దుగా ‘బెయ్‌దా’ అంటారు. ఇంగ్లీషు పేరులో మాత్రం, పాత పట్టాల మీద, పరిశోధన పత్రాల మీద ఉన్న రూపంతో తెగతెంపులు కాకుండా, పీకింగ్‌నే నిలుపుకుంది. అదే నగరంలోని త్సింగ్‌హ్వా విశ్వవిద్యాలయమూ పాత వర్ణక్రమాన్నే ఉంచుకుంది. మన ఐఐటీ మద్రాస్, మద్రాస్ హైకోర్టు నగరం చెన్నై అయిన తర్వాత కూడా పాత పేరుతోనే ఉన్నాయి కదా.

జీవశాస్త్రంలో అయితే మార్చాలన్నా కుదరదు. ఆ నగరానికి నైరుతిగా జౌకోదియెన్ గుహల్లో దొరికిన ఆదిమానవుణ్ణి ‘పీకింగ్ మానవుడు’ అంటారు. 1927లో ఒక దంతం ఆధారంగా పెట్టిన శాస్త్రీయ నామంలోనే ‘పెకినెన్సిస్’ ఉంది, 1929 డిసెంబరు 2న పెయ్ వెన్‌జోంగ్ అక్కడి నుంచి మొదటి పుర్రెను వెలికితీశాడు. శాస్త్రీయ నామాల్లో మొదట పెట్టిన పేరుకే ప్రాధాన్యం, వర్ణక్రమం పాతబడిందని దాన్ని సవరించరు. పెకినీస్ అనే చిన్న కుక్కల జాతి, పీకింగ్ డక్ అనే బాతు వంటకం కూడా ఇంగ్లీషులో పాత పేరుతోనే చెలామణి అవుతున్నాయి. వాటిని ఇప్పుడు ఊరి పేరుగా కాక మామూలు మాటలుగా వాడుతున్నారు, బందరు లడ్డు మచిలీపట్నం లడ్డు కానట్టే.

ప్రశ్న: నేను చైనా చరిత్ర మీద ఒక పుస్తకాన్ని అనువదిస్తున్నాను. తెలుగులో పెకింగ్, పీకింగ్, బీజింగ్, బెయ్‌జింగ్ అని నాలుగు రకాలుగా రాస్తున్నారు. వీటిలో అసలు ఉచ్చారణకు దగ్గరగా ఉన్నది ఏది? నేను ఏది వాడాలి?
– ఒక అనువాదకురాలు, హనుమకొండ

సమాధానం: మీరు అడిగినవి రెండు వేర్వేరు ప్రశ్నలు, వాటి జవాబులు కూడా వేరు.

ఉచ్చారణ గురించి ముందు చెబుతాను. ఒక పలుచని కాగితం ముక్కను పెదవులకు అంగుళం దూరంలో పట్టుకుని ‘పలం’ అనండి, కాగితం దాదాపు కదలదు. తర్వాత ‘ఫలం’ అనండి, అయితే ఇంగ్లీషు ‘ఎఫ్’లా కాక, పెదవులు కలిపి ఒత్తుతో, మన పాత పంతుళ్లు పలికించినట్టు. కాగితం ఎగిరిపడుతుంది. చైనా భాషలో తేడా అంతా ఈ ఊపిరిలోనే ఉంది. అక్కడ ఒత్తులేని ‘ప’, ఒత్తున్న ‘ఫ’ ఉన్నాయి గానీ గొంతు కంపించే ‘బ’ లేదు. అలాగే త–థ, క–ఖ, చ–ఛ జంటలు ఉన్నాయి, ద, గ, జ లేవు. ఇంగ్లీషులో ఈ జంటలకు వేరువేరు అక్షరాలు లేవు కనుక పిన్‌యిన్ ఒక ఉపాయం చేసింది: ఒత్తున్న దానికి ‘పి’ని, ఒత్తులేని దానికి, ఖాళీగా ఉంది కదా అని, ‘బి’ని కేటాయించింది. పాత పద్ధతిలో రెండింటికీ ‘పి’నే వాడి, ఒత్తుకు పక్కన పైన కామా లాంటి గుర్తు (అపాస్ట్రఫీ) పెట్టేవారు. అందువల్ల పీకింగ్‌లోని ‘ప’, బీజింగ్‌లోని ‘బ’ అసలు ఒకే ధ్వని. పాత రాతను వదలని తైవాన్‌లో రాజధాని పేరు ‘తైపెయ్’ అని ఉంది చూడండి, అందులోని ‘పెయ్’, బీజింగ్‌లోని ‘బీ’ ఒకే అక్షరం, రెంటికీ ఉత్తరమనే అర్థం.

కాబట్టి నగరవాసుల నోట వినిపించేదానికి తెలుగు లిపిలో అతి దగ్గరి రూపం ‘పెయ్‌చింగ్’. మొదటి భాగాన్ని కిందిస్థాయిలో, రెండో భాగాన్ని పైస్థాయిలో సమంగా సాగదీసి పలుకుతారు, ఆ స్వరభేదాన్ని మన లిపి చూపలేదు. కానీ హల్లుల విషయంలో వర్గాక్షరాలున్న మన లిపి ఇంగ్లీషు కంటే ఎంతో మెరుగైనది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి: ఆ ధ్వనులను ఉన్నదున్నట్టు రాయగల అక్షరాలు మన దగ్గర ఉండి కూడా, మనం పేరును ఇంగ్లీషు వర్ణక్రమం మీదుగా తెచ్చుకుని, ‘బి’ కనిపిస్తే ‘బ’ అని, ‘ఈ’, ‘ఐ’ పక్కపక్కన కనిపిస్తే ‘బీ’ అని చదువుకున్నాం. పీకింగ్ ఐరోపావారి మీదుగా వచ్చినట్టే బీజింగ్ కూడా మనకు నేరుగా రాలేదు. ‘బీ’లోని దీర్ఘం చైనా ఉచ్చారణలో ఎక్కడా లేదు. ఇంగ్లీషు వార్తలు చదివేవాళ్లు కొందరు రెండో భాగాన్ని ఫ్రెంచి పద్ధతిలో, ‘ష’ను గొంతు కంపించేలా పలికినట్టు పలుకుతారు, దానికీ చైనా భాషలో ఆధారం లేదు. మన తాలవ్య ‘జ’, ‘చిలుక’లోని ‘చ’ దానికంటే చాలా దగ్గర.

ఇక ఏది వాడాలన్నది. వార్తల్లో, సాధారణ రచనల్లో ‘బీజింగ్’ 40 ఏళ్లుగా స్థిరపడింది, పాఠకులు దాన్ని వెంటనే గుర్తుపడతారు. మీ పుస్తకంలో దాన్నే ఉంచండి. చైనా పేర్లన్నింటినీ ఉచ్చారణ ప్రకారం రాయాలని మీరు నిర్ణయించుకుంటే తప్ప ఒక్క రాజధానిని మాత్రం ‘పెయ్‌చింగ్’ చేస్తే మిగిలిన పేర్లతో పొసగదు. ‘బెయ్‌జింగ్’ రాస్తే తప్పేమీ లేదు, అచ్చు విషయంలో అది ‘బీజింగ్’ కంటే మెరుగు, నా వ్యక్తిగత ఇష్టమూ అదే. ఏది ఎంచుకున్నా పుస్తకం మొత్తానికి ఒకటే ఉండాలి. పీకింగ్‌ను మూడు చోట్ల మాత్రం వదలవద్దు: సంస్థలు తమ ఇంగ్లీషు పేరుగా పెట్టుకున్నప్పుడు, 1979కి ముందు అచ్చయిన ప్రచురణల పేర్లు చెప్పేటప్పుడు, ఆనాటి ఉత్తరాన్నో ప్రకటననో ఉన్నదున్నట్టు ఉటంకించేటప్పుడు. 1928 నుంచి 1949 దాకా జరిగిన ఘట్టాల్లో ఎక్కువ జాగ్రత్త అవసరం. మూలంలో ‘పి’తో మొదలై ‘పింగ్’తో ముగిసే పేరు కనిపిస్తే అది అచ్చుతప్పు కాదు, ‘బెయ్‌పింగ్’, ఆ ఏళ్లలో నగరపు అధికారిక నామం. దాన్ని బీజింగ్‌గా దిద్దితే రాజధాని అప్పుడు నాన్‌జింగ్‌లో ఉందన్న సంగతే కనబడకుండా పోతుంది. పుస్తకం చివరి పదసూచికలో ‘పీకింగ్’, ‘బెయ్‌పింగ్’, ‘ఖాన్‌బాలిక్’ మూడింటినీ వేర్వేరుగా వేసి, ప్రతిదాని ఎదుట ‘చూ. బీజింగ్’ అని రాయండి.